ఊపిరికి మార్కులేసిన వాచీ

మొన్న ఒక కొత్త డ్రిల్ టీచరమ్మ ఫోన్ చేసింది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. "మేడం, మా కాలేజీకి ఎవరో దాతలు చేతికి కట్టుకునే వాచీలు ఇచ్చినారు. పరిగెత్తితే మన ఊపిరి సామర్థ్యం ఎంతో అంకె చూపిస్తాయంట. నమ్మొచ్చా, నమ్మకూడదా? ఒక్క మాటలో చెప్పండి" అంది. ఒక్క మాటలో చెప్పడానికి నేనేమైనా వాచీనా తల్లీ అన్నాను. ఆ అమ్మాయి పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోవాల్సిన రోజు ఒకటి వచ్చింది, వేసుకోలేదు. వేసుకోకుండా ఒక కాగితం మీద సంతకం గీకేశాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను చేసిన తప్పులన్నింటినీ వరుసలో నిలబెడితే, అది ముందు వరుసలోనే ఉంటుంది. ఫోన్‌లో ఆమెకు సగమే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలందరి కోసం.

అనంతపురంలో ఒక ఆడపిల్లల కాలేజీలో నేను ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేశాను. పేరుకు అంత పెద్ద హోదా గానీ, ఊరందరికీ డ్రిల్ మేడమే. రిటైరవడానికి ఇంకా కొన్ని నెలలున్నాయనగా పోలీసు కానిస్టేబుల్ పరీక్షలకు తయారయ్యే ఆడపిల్లలకు పొద్దున పూట పరుగు నేర్పించే పని నెత్తిన పెట్టుకున్నాను. ఎవరూ పెట్టమనలేదు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను అని నేనే పెట్టుకున్నాను. పదహారు వందల మీటర్లు గడువులోగా పరిగెత్తితేనే ముందుకు పోనిస్తారు. లేకపోతే ఎంత చదివినా ఇంటికే.

అప్పుడే ఊళ్ళోని దాతల కమిటీ ఒకటి ముందుకొచ్చింది. పరీక్షకు ముందు ఆరు వారాలు క్యాంపు పెడతాం, గ్రౌండు పక్కనే వసతి, మూడు పూటలా మంచి తిండి, గుడ్లు, పాలు, కానీ ఆరుగురికే అన్నారు. నా దగ్గర పరిగెత్తేవాళ్ళు పదిమంది. అంటే నలుగురిని తీసెయ్యాలి. టైములు చూద్దామా అంటే ముందున్న ముగ్గురిని వదిలేస్తే మిగతా ఏడుగురికీ మధ్య తేడా చిటికెడు సెకన్లే.

కమిటీ వాళ్ళే ఒక కోచ్‌ని కూడా పంపారు. ముప్పై లోపు వయసు, వ్యాయామ శాస్త్రంలో డిప్లొమా, చురుకైనవాడు, మర్యాదస్తుడు. అతను రెండు వాచీలు తెచ్చాడు. "టైము ఈ పొద్దు వాళ్ళు ఏం చేసినారో చెప్తాది మేడం. ఇంగ ముందు ముందు ఎంత చేయగలరో ఈ వాచీ చెప్తాది" అన్నాడు. నాకు ఆ మాట భలే నచ్చింది. ముప్పై ఏళ్ళుగా నేను కంటితో, విజిల్‌తో, స్టాప్‌వాచ్‌తో నెట్టుకొచ్చిన పనిని ఇంత చిన్న వస్తువు చేసేస్తుందంటే, నిజం చెప్తున్నాను, నాకు హాయిగా అనిపించింది. నలుగురిని తీసేసే పాపం నాది కాదు, దానిది అవుతుంది కదా.

పిల్లలందరికీ వంతులవారీగా వాచీ ఇచ్చి, ఎవరి వయసు, ఎత్తు, బరువు వాళ్ళవి ఎక్కించి, ఒక్కొక్కరినీ మూడేసి రోజులు పరిగెత్తించాడు. అందరూ ఎడమ చేతికే కట్టుకోవాలన్నాడు. చివరికి ఒక పట్టిక తయారుచేశాడు. పేరు, వయసు, టైము, ఆ పక్కన 'ఊపిరి సామర్థ్యపు అంచనా' అని ఒక గడి. ఆ మాట పొడుగ్గా ఉండి పట్టిక రెండో పేజీకి పాకుతోందని నేనే అతనికి చెప్పాను: "ఏమప్పా, ఒక్క పేజీలో పట్టేటట్టు చెయ్. ఆ 'అంచనా' తీసేయ్, 'సామర్థ్యం' అంటే చాలదా?" తీసేశాడు. ఒక్క పేజీలో ముచ్చటగా కుదిరింది. ఒక చిన్న మాట పోయింది, అంతే. అంకెలు చూసి, కింది నుంచి నలుగురి పేర్లు కొట్టేసి, సంతకం పెట్టి కమిటీకి పంపించాను.

అన్నింటికంటే కింద ఉన్న అంకె ఇరవై ఎనిమిది. అది బత్తలపల్లె నుంచి బస్సులో వచ్చే ఒకామెది. మగ్గం నేసే ఇంటి కోడలు, తనూ మగ్గం మీద కూర్చుంటుంది. పెళ్ళయి ఐదారేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పదు. పరుగయ్యాక నోరు తెరిచి ఆయాసపడుతుంది. ఆ ఆయాసం చూసి నేను ముందే మనసులో ఒక ముద్ర వేసేసుకున్నాను. వాచీ నా ముద్రకే వంత పాడేసరికి ఇంకేం అడుగుతాను?

మర్నాడు పొద్దున తీసేసిన నలుగురిలో ముగ్గురు రాలేదు. ఈమె వచ్చింది. వచ్చి నా ముందర నిలబడింది.

"ఏం మేడం, నన్ను తీసేసినారంట?"

"అవును పాపా. లిస్టు వాచీని బట్టి చేసినాము" అని పట్టిక చూపించాను.

"ఇరవై ఎనిమిది. ఇదేంది, మార్కులా?"

"అట్లాంటిదే. ఊపిరికి."

"నా ఊపిరికి మార్కులేసింది ఎవురు మేడం? మీరా, ఇదా?"

నాకు ముక్కు మీద కోపం. "వాదించొద్దు. నీకు ఆయాసం వస్తాంది, నేను చూడలేదా?" అన్నాను.

"పరిగెత్తితే ఆయాసం రాదా? మీకు రాదా? పొద్దంతా మగ్గం గుంతలో కాళ్ళాడిస్తా, ఆడ రాని ఆయాసం ఈడ యాడిది? ఈ తూరి పోతే నాకు ఇంగ లేదు మేడం. వయసు దాటిపోతాది. ఎందుకు తీసేసినారో సరిగ్గా చెప్పండి, పోతా. చెప్పకుంటే మాత్రం పోను."

సరిగ్గా చెప్పడానికి నాకు తెలిస్తే కదా! ఆ అంకె ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే 'వాచీ చెప్పింది' అనడం తప్ప ఇంకో జవాబు లేదు నా దగ్గర. ఆ సంగతి ఆ క్షణంలో తెలిసొచ్చి తల కొట్టేసినట్టయింది. తల కొట్టేసినట్టయితే నాలాంటి వాళ్ళు ఏం చేస్తారు? ఇంకా గట్టిగా అరుస్తారు. "సరే, వాచీ కట్టుకో. నా కళ్ళ ముందర నాలుగు రౌండ్లు వెయ్. నీకే తెలుస్తాది" అన్నాను. ఆమె తప్పు ఆమెకు చూపిద్దామనే అన్నాను, నా తప్పు వెతుక్కుందామని కాదు. ఇక్కడ నన్ను నేను గొప్ప చేసుకోను.

ఆమె నాలుగు రౌండ్లూ ఒకే ఊపులో వేసింది. ఆగగానే పాత అలవాటు కొద్దీ మెడ మీద రెండు వేళ్ళు పెట్టి నాడి పట్టుకున్నాను. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయడం, మా కాలపు పద్ధతి. ముప్పై ఏడు వచ్చింది. అంటే నూట నలభై ఎనిమిది. వాచీ చూస్తే నూట ఎనభై రెండు. నా వేళ్ళు ముసలివైపోయాయనుకున్నాను. మళ్ళీ ఒక రౌండు వేయించి మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ నూట యాభై దగ్గరే. వాచీ ఈసారి నూట ఎనభై చూపించి, ఆమె చేయి కదపకుండా నిలబడేసరికి తొంభైకి పడి, ఆ తర్వాత ఉత్త గీతలు చూపించింది.

గ్రౌండులో సున్నం గీతలు వేసే భాయ్ ఒకడుండేవాడు. మా కాలేజీలో నాకంటే ముందునుంచీ ఉన్న మనిషి. పని ఆపి చూస్తున్నాడు. అతన్ని పిలిచి, "భాయ్, నేను నాడి చూస్తాను, నువ్వు ఈమె కాళ్ళు చూడు. పక్కన పరిగెత్తుతూ పదిహేను సెకన్లలో ఎన్ని అడుగులేస్తాదో లెక్కపెట్టు" అన్నాను. ఎందుకు అన్నానో నాకే తెలియదు. ఎక్కడో ఏదో లెక్క తప్పుతోందని మాత్రం పట్టుదల పుట్టింది. ఆమె ఇంకో రౌండు వేస్తుంటే భాయ్ సున్నపు చేతులతోనే పక్కన ఉరికాడు.

"నలభై అయిదు మేడం" అన్నాడు రొప్పుతూ.

నలభై అయిదు నాలుగులు నూట ఎనభై. వాచీ అంకె కూడా నూట ఎనభై. అది ఆమె గుండెను లెక్కపెట్టడం లేదు. కాళ్ళను లెక్కపెడుతోంది.

"వాచీ తియ్ పాపా" అన్నాను. ఆమె తీయలేదు. చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఇందాక అంత నోరు చేసిన మనిషి ఒక్కసారిగా ముడుచుకుపోయింది. నేనే చెయ్యి లాగి పట్టీ విప్పాను. వాచీ కింద, మణికట్టు మీద, సరిగ్గా దాని బిళ్ళంత తేలు బొమ్మ. తిరునాళ్ళలో పొడిపించుకున్న పచ్చబొట్టు. తోక నుంచి కొండీల దాకా ఖాళీ లేకుండా దట్టంగా పూసిన పచ్చ.

"చిన్నప్పుడు మా అవ్వ పొడిపించింది మేడం" అంది తల దించుకుని. "పచ్చబొట్టు ఉంటే పోలీసుల్లో తీసుకోరని మా ఊర్లో చెప్పినారు. మీరు చూస్తే ముందే ఇంటికి పంపిస్తారని చొక్కా చేతులు దించుకుంటా ఉన్నా. వాచీ వచ్చినప్పుడు సంతోషమైంది. సరిగ్గా దాని మీదనే కూర్చుండాది గదా అనుకున్నా."

భాయ్ వాచీని తిప్పి చూశాడు. దాని అడుగున పచ్చటి లైటు మినుక్కుమంటోంది. "మేడం, ఈ పచ్చ లైటే నాడి చూస్తాదని కోచ్ సారు చెప్తాంటే విన్నా. ఈ బొమ్మ కూడా పచ్చే. ఆ లైటు లోపలికి పోయి రక్తాన్ని చూడాలంటే దావ యాడుండాది?" అన్నాడు. డిప్లొమా లేని మనిషి.

అప్పటికి కోచ్ కూడా వచ్చాడు. ముందు ఒప్పుకోలేదు. వాచీని ఆమె కుడి చేతికి కట్టించి, గట్టిగా బిగించి, రెండు రౌండ్లు వేయించాడు. నా వేళ్ళూ వాచీ ఒకటీ రెండు తేడాతో ఒకే మాట చెప్పాయి. అతని ముఖం వాడిపోయింది. కానీ మంచివాడు, బుకాయించలేదు. గ్రౌండు గట్టు మీద కూర్చోబెట్టి, ఈ అంకె ఎలా పుడుతుందో నాకు మొదటి నుంచీ చెప్పాడు. ఆ ముక్క మొదటి రోజే అడిగి ఉండాల్సింది నేను.

మీకూ చెప్తాను, రెండు ముక్కల్లో. బాగా కష్టపడేటప్పుడు ఒళ్ళు ప్రాణవాయువును ఎంత వాడుకోగలదో ఆ అంకె చెప్పాలి. నిజంగా కొలవాలంటే మూతికి ముసుగు తగిలించి, ట్రెడ్‌మిల్ మీద ఇక నా వల్ల కాదు అనేదాకా పరిగెత్తించి, పీల్చిన గాలీ వదిలిన గాలీ లెక్కగట్టాలి. వాచీ అదేమీ చేయదు. గాలిని అది చూడనే చూడదు. ఇంత వేగానికి నాడి ఇంత కొట్టుకుంది కాబట్టి ఈ మనిషికి ఇంత ఉండొచ్చు అని ఊహిస్తుంది. నాడి తప్పు చదివితే ఊహ తప్పు. గుండె గరిష్ఠంగా ఎంత కొట్టుకోగలదో వయసును బట్టి అనుకుంటుంది, ఒకే వయసు వాళ్ళందరి గుండెలూ ఒకటి కావు కాబట్టి అక్కడ ఇంకో తప్పు. అన్నీ సరిగ్గా ఉంటే ఫర్వాలేదు, దగ్గరగానే చెప్తుంది. ఒకే మనిషి నెల కిందట ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని చూసుకోవడానికి బాగా పనికొస్తుంది. ఒకరిని ఇంకొకరి పక్కన నిలబెట్టి, రెండు మూడు అంకెల తేడాతో ఒకరిని ఇంటికి పంపడానికి మాత్రం పనికిరాదు.

"అందుకే మేడం 'అంచనా' అని రాసింది" అన్నాడు చివర్లో, నా వైపు చూడకుండా.

ఆ పూటే కమిటీ పెద్దాయన దగ్గరికి పోయాను. తప్పు నాదేనని ముందే చెప్పాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. "లిస్టు పైకి పోయింది మేడమ్మా. మంచాలు ఆరు, ఆరుగురికే వంట. ఈమెను పెట్టాలంటే ఒకరిని తీసేయండి. ఎవర్ని తీద్దాము, చెప్పండి" అన్నాడు. ఎవరిని చెప్తాను? వాళ్ళందరి ముఖాలూ నాకు తెలుసు. ఒక తప్పు దిద్దడానికి ఇంకో తప్పు చేయమంటే చేయలేను. ఆయన ముందు నుంచి లేచాను.

బయట మెట్ల మీద ఆమె నిలబడి ఉంది. లోపల ఏమైందో నా ముఖం చూసి అర్థం చేసుకుంది.

"పోనీలే మేడం. మీరు అడిగినారు, చాలు" అంది.

"చాలు గీలు జాన్తా నై. మీ ఇంటికి ఫోన్ కొట్టు. ఆరు వారాలు మా ఇంట్లో ఉంటాండావు. క్యాంపులో మంచాలు ఆరే. గ్రౌండు మాత్రం నాది."

వాళ్ళాయన ఫోన్‌లో "మేడం, మగ్గం నేను చూసుకుంటా. మీరు దాన్ని ఉరికించండి" అన్నాడు. ఆ ఒక్క మాటకు అతనికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆ ఆరు వారాలు నా జీవితంలో నేను ఎవరి కోసమూ పడనంత కష్టం ఆమె కోసం పడ్డాను. పొద్దున ఐదున్నరకు గ్రౌండు. తొమ్మిదింటికి ఇంట్లో బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం రాగి ముద్ద, పప్పు, నానబెట్టిన వేరుశనగ బుడ్డలు, గుడ్లు. కోచ్ క్యాంపు పిల్లలతో పాటే ఆమెనూ పరిగెత్తించాడు. "ఏడో ఆమె ఎవరు?" అని కమిటీ నుంచి ఎవరో అడిగితే, "మేడం ఇంట్లో చుట్టం" అని చెప్పాడంట. గాలి ఎదురు కొడితే మా ఊళ్ళో పరుగు ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. దుమ్ము నోట్లోకి పోతుంది, కాలు ముందుకు పడదు. ఒకరోజు మూడో రౌండులో ఆగిపోయి, ట్రాక్ మధ్యలో కూర్చుని భోరున ఏడ్చింది. "నా వల్ల కాదు మేడం, ఆ వాచీ చెప్పిందే నిజమేమో" అంది. ఆ మాట ఆమె నోట్లో పెట్టింది నేనే కదా. పక్కన కూర్చున్నాను. "నాకేం తెలీదు పాపా. లెయ్. ఇంకొక్క రౌండు ఉండాది" అన్నాను. లేచింది. ఆ రౌండు నేనూ ఆమెతో పాటు నడిచానో ఉరికానో తెలియదు, మోకాళ్ళు వారం రోజులు నొప్పి.

పరీక్ష రోజున గేటు బయట వేప చెట్టు కింద నిలబడ్డాను. లోపలికి మమ్మల్ని పంపరు. కోచ్ కూడా వచ్చాడు. లోపల ఈలలు వినిపిస్తాయి, ఎవరిది మొదలైందో ఎవరిది అయిపోయిందో తెలియదు. రెండు గంటల తర్వాత గేటులోంచి పిల్లలు గుంపుగా వస్తుంటే, అందరి వెనకాల కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది. నా ప్రాణం పోయింది.

"ఎన్ని నిమిషాలు?" అన్నాను.

"చూసుకోలా మేడం. నా ముందర ఇద్దరే ఉండారు, అదొకటే చూసినా. పాసంట" అంది. అంటూనే నా మెడ కరుచుకుపోయింది. పచ్చబొట్టు సంగతి అక్కడ ఎవరూ ఎత్తనే లేదంట. ఆరుగురు క్యాంపు పిల్లల్లో నలుగురు గట్టెక్కారు, ఇద్దరు తప్పారు. కోచ్ పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను, చూసినట్టు చెప్పలేదు.

తర్వాత రాత పరీక్ష కూడా రాసి ఆమె ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. కథ ఇక్కడితో ఆపేసి ఉంటే నాకూ గౌరవంగా ఉండేది. కానీ పరుగు పరీక్ష రోజు తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఆమె ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

"మేడం, నాతోపాటు తీసేసినోళ్ళు ఇంగ ముగ్గురుండారు గదా. వాళ్ళవి సరిగ్గానే చెప్పిందా వాచీ?"

చూడలేదు. ఆరు వారాలు! ఒక్కసారి కూడా చూడలేదు. ఈమెను గెలిపించాలన్న పంతంలో ఆ ముగ్గురి ముఖాలు కూడా మర్చిపోయాను. వచ్చి అడిగినామెకు న్యాయం చేశాను, అడగని వాళ్ళకు ఏం చేశాను?

ఇంటికి పోగానే హాజరు రిజిస్టరు తీశాను. ఎవరు ఎన్నింటికి వచ్చి, ఎన్నింటికి పరిగెత్తారో అందులో ఉంటుంది. వాచీ కట్టిన రోజుల్లో ఆ ముగ్గురి పరుగూ ఎనిమిదిన్నర దాటాకే. విడపనకల్లు, వజ్రకరూరు వైపు నుంచి వచ్చే పిల్లలు. బస్సు దిగేసరికే ఆలస్యం, వాళ్ళ వంతు వచ్చేసరికి ఎండ చురుక్కుమంటోంది. ఎండలో పరిగెత్తితే ఎవరి గుండైనా ఎక్కువ కొట్టుకుంటుంది. వాచీ దాన్ని చేతకానితనం కింద రాసుకుంటుంది. చల్లపొద్దున పరిగెత్తిన ఊరి పిల్లలకు మంచి అంకెలు, దూరం నుంచి వచ్చిన వాళ్ళకు చెడ్డ అంకెలు. ఊపిరికి మార్కులేశామనుకున్నాం, బస్సు టైములకు వేశాం. వాళ్ళకు పచ్చబొట్లు లేవు కాబట్టి నేను కనిపెట్టలేదు.

మరుసటి రోజు ముగ్గురికీ ఫోన్ చేశాను. ఒకామె బళ్ళారి దగ్గర ఏదో పనిలో కుదిరింది, "ఇంగ వద్దులే మేడం" అని నవ్వేసింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఇంకొకామె నంబరు పనిచేయలేదు, ఎంత వెతికినా దొరకలేదు. మూడో ఆమె విడపనకల్లు దగ్గర ఒక పల్లెలో చేనిలో ఉందంట, ఎత్తింది.

జరిగిందంతా చెప్పాను. తప్పు నాదని చెప్పాను.

"వయసు ఇంకా ఉందా పాపా?" అన్నాను.

"ఇంకొక్క తూరికి ఉండాది మేడం. కానీ అంత దూరం రోజూ నేను రాలేను."

"నువ్వు రావద్దు. నేనే వస్తా. వచ్చే నెల రిటైరవుతాండా, నాకేం పని? మీ ఊర్లో స్కూలు గ్రౌండు ఉందా?"

"ఉండాది. అంతా కంపచెట్లు మొలిచినాయి మేడం."

"మొలవనీ. రెండు మచ్చుకత్తులు తెచ్చి పెట్టు" అన్నాను.